కుడి నుంచి ఎడమకి

ఇది వెనకనుంచి మొదలవుతుంది మామయ్యా, అంది కెజియా,
కుడి నుంచి ఎడమకి చదవాలి.
తలూపాను.
నాకది కొత్త కాదని చెప్పలేదు.

నర్సరావుపేట రోడ్డులో కోల్డ్ స్టోరేజీ, నాది రాత్రి డ్యూటీ.
బయట మే నెల గుంటూరు, లోపల ఆరు డిగ్రీలు.
స్వెట్టరేసుకుని తేజ రకం టిక్కీలు లెక్క రాసుకునే నాకు
ఆ బొమ్మల్లో మంచు పడితే
వేళ్ళకి తెలుస్తుంది.

బ్రాడీపేటలో పాత పుస్తకాల కొట్టువాడు
కిలో లెక్కన తూచి ఇచ్చాడట.
మూడో భాగం లేదు.
లేకపోయినా తేడా పడలేదు.
రెండులో మెట్ల మీద జారిన పిల్ల
నాలుగులో మళ్ళీ జారింది.
పట్టుకున్నదీ ఆ అబ్బాయే,
కిటికీ పక్క చివరి బెంచీ, కళ్ళ మీద జుట్టు,
ఎవరితోనూ మాట్లాడడు, పుస్తకం తియ్యడు, అన్నిట్లో ఫస్టు.

వాన పడితే ఇద్దరికీ ఒకటే గొడుగు.
అమ్మానాన్నలు ఏ భాగంలోనూ ఊళ్ళో ఉండరు.
ఎంసెట్ లేదు.
కళ్ళద్దాలు తీస్తే చాలు, పిల్ల అందగత్తె,
సైటు ఏమైందో ఎవరూ అడగరు.
చెంప మీద మూడు ఏటవాలు గీతలు గీస్తే సిగ్గట.
"నువ్వంటే నాకు" అని వాడు నోరు తెరిచేసరికి
టపాసులు పేలతాయి, లేదంటే రైలు పోతుంది.
ఒక్క మిస్డ్ కాల్‌తో తీరే అపార్థానికి
రెండున్నర భాగాలు.

ఇంకొకడు ఉంటాడు.
తన గొడుగు వాళ్ళకిచ్చి
తడుస్తూ నవ్వుతూ వెళ్ళిపోతాడు.
వాడికి జలుబు చేసిందో లేదో
రాసినవాళ్ళకి పట్టదు.

అక్కడ మాట గొంతులో ఆగడానికి సిగ్గొక్కటే కారణం.
మాకు సిగ్గు ఆరో కారణం.
మిగతా ఐదూ
హాజరుపట్టీలో మా పేర్ల పక్కనే ఉండేవి.

ఇన్ని వంకలు పెడుతూ ఎందుకు చదువుతున్నానంటే,
ఆరో భాగంలో ఒకచోట
బెంచీ మీద వాడి చెయ్యి, బెంచీ మీద ఆమె చెయ్యి,
మధ్యన అంగుళం.
దానికి నాలుగు పేజీలిచ్చారు.
మాటల్లేవు.
ఒక పేజీ నిండా కిటికీ తెర కదలడం.
ఒక పేజీ ఉత్త తెలుపు.
మా ఓనరు చూస్తే
కాగితం దండగ అంటాడు.

ఇంటర్ రెండో ఏడు, కెమిస్ట్రీ ల్యాబు.
పిపెట్ అందిస్తుంటే ఫర్హానా వేళ్ళు తగిలాయి.
అర సెకను.
"గులాబీ రంగు తిరిగిందా లేదా" అని అరిచాడు
ల్యాబ్ అసిస్టెంటు కోటిలింగం.
తిరిగింది సార్ అన్నాం ఇద్దరం,
బ్యూరెట్ వంక చూడకుండానే.
ఆ అర సెకనుకి ఎవరూ పేజీ ఇవ్వలేదు.

దావీదు మాకూ ఉన్నాడు, దావూద్ అంటాం,
అని నా రికార్డు వెనకట్ట మీద పెన్సిలుతో
కుడి నుంచి ఎడమకి రాసి చూపించింది.
దాలుతో మొదలై దాలుతో అయిపోయింది నా పేరు.
ఏ వైపునుంచి వచ్చినా ఒకటే, అంది.
రికార్డు కాలేజీవాళ్ళు తిరిగివ్వలేదు.

పదో భాగంలో చేతులు కలిశాయి, పుస్తకం అయిపోయింది.
ఆ తర్వాత బియ్యం ఎవరు తెచ్చారో,
ఎవరు ఎవరితో మూడు రోజులు మాట్లాడలేదో లేదు.
పెద్ద లోపమే.
మాది అంతకన్నా ముందే అయిపోయింది కాబట్టి
నేను గట్టిగా అనలేను.

అన్నీ ఒకటే కథ కదా మామయ్యా, అంది కెజియా.
అవును, ఇంకో సెట్టు దొరుకుతుందేమో చూడు, అన్నాను.

ఆ దేశంలో ఎవరైనా తలుచుకుంటే తుమ్ము వస్తుందట.
మనకి పొలమారుతుంది.
వాళ్ళ లెక్కన చూస్తే
మిర్చి యార్డులో కాంటాల దగ్గర ఇంతమందిని
పొద్దస్తమానం ఎవరు తలుచుకుంటున్నట్టు?

ఆరింటికి లారీ వచ్చింది. షట్టరు ఎత్తాను.
ఘాటు గుప్పుమంది.
వరసగా మూడు తుమ్ములు.

కారం సార్, అన్నాడు హమాలీ ఏసోబు.
కారమే, అన్నాను.